'కూల్' ఎవరి మాట?

మీటింగ్ వాయిదా పడితే 'కూల్'. కొత్త ఫోన్ చూపిస్తే 'కూల్'. బ్రేకప్ అయి బాధపడుతున్న స్నేహితుడికీ 'కూల్ రా' అనేస్తాం. ఇన్ని చోట్ల వాడి వాడి ఆ మాట దాదాపు 'సరే' స్థాయికి అరిగిపోయింది. అరగకముందు అది ఏయే పనులు చేసిందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇంగ్లీషులో చల్లదనంతో పాటు, ఉద్రేకం లేకపోవడం అనే అర్థం కూడా దీనికి చాలా పాతది. హామ్లెట్ ఆవేశం చూసి తల్లి గెర్‌ట్రూడ్ ఆ మంట మీద 'కూల్' ఓర్పు చల్లుకోమంటుంది. 18వ శతాబ్దానికి మాట డబ్బు పక్కన చేరింది. ఫీల్డింగ్ నవల 'టామ్ జోన్స్' (1749)లో ఒకాయన జూదంలో ఓడి వేడెక్కిపోయి లేస్తాడు. పోయింది మాత్రం 'కూల్' వంద అంటాడు! అంటే మన 'అక్షరాలా వంద'. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో సిగ్గూ బెరుకూ లేని తెంపరితనం కూడా కూలే. చేసేదంతా చేసి 'చల్లగా జారుకున్నాడు' అంటామే, అలాంటిది.

ఇవేవీ మెచ్చుకోళ్ళు కావు. ఆ మాటకి మెప్పు అంటింది అమెరికా నల్లవాళ్ళ నోట. జోరా నీల్ హర్‌స్టన్ 1933 నాటి కథ 'ది గిల్డెడ్ సిక్స్ బిట్స్'లో, ఫ్లోరిడాలోని నల్లవాళ్ళ ఊరిలో ఉండే జో, ఊరికి కొత్తగా వచ్చిన డబ్బున్నాయన గురించి భార్యకి గొప్పగా చెబుతూ ఈ మాట వాడతాడు. ఆ డబ్బున్నాయన బంగారు నాణేలు తీరా చూస్తే పైపూత సరుకు. తమాషా ఏంటంటే అదే 1933లో, 'కె' అక్షరంతో మొదలయ్యే 'కూల్' మెంథాల్ సిగరెట్లు మార్కెట్లోకి వచ్చాయి. అక్కడ దానర్థం గొంతుకి చల్లదనం, అంతే. జో వాడిన కూల్‌ని కూడా అమ్ముకోవచ్చని కంపెనీలకి అప్పటికింకా తెలీదు.

ఈ మాటని సంగీతకారుల మధ్య వ్యాపింపజేసింది లెస్టర్ యంగ్ అని చాలామంది చెబుతారు. టెనర్ శాక్సఫోన్ అంటే కోల్‌మన్ హాకిన్స్‌లా నిండుగా, బరువుగా మోగాలనుకునే రోజుల్లో యంగ్ తేలిగ్గా, తొందర లేకుండా వాయించాడు. 1944లో ఆయన్ని సైన్యంలోకి తీసుకున్నారు. 1945లో మత్తుపదార్థాల కేసులో కోర్టు మార్షల్ చేసి, జార్జియాలో సైనిక నిర్బంధంలో పెట్టారు. బయటికొచ్చాక ఆ నిర్బంధ శిబిరం పేరుతోనే 'డి.బి. బ్లూస్' రికార్డు చేశాడు. గోడు వెళ్ళబోసుకోలేదు. హాయిగా ఊగే పాట చేశాడు.

ఇదెందుకంటే, జిమ్ క్రో చట్టాల రోజుల్లో తెల్లవాడి ముందు కోపం చూపిస్తే నల్లవాడి ప్రాణం పోవచ్చు. నవ్వుతూ తలూపితే మానం పోతుంది. ఈ రెంటి మధ్యా వెతుక్కున్న దారి కూల్. ముఖం కదలదు, లోపల ఏముందో ఎదుటివాడికి చిక్కదు. కళాచరిత్రకారుడు రాబర్ట్ ఫారిస్ థాంప్సన్ 1973 నాటి వ్యాసంలో దీని వేళ్ళని పశ్చిమాఫ్రికాలో వెతికాడు. యోరుబాలో చల్లదనానికి వాడే 'ఇటుటు' మనసు నిబ్బరానికీ వర్తిస్తుంది. ఎండల్లో బతికే మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 'నీ కడుపు చల్లగా' అని దీవించే భాష కదా మనది!

అయితే కూల్ అన్నిసార్లూ కాపాడలేదు. మైల్స్ డేవిస్ 1949, 50ల్లో చేసిన రికార్డింగులు 1957లో 'బర్త్ ఆఫ్ ది కూల్' ఆల్బమ్‌గా వచ్చాయి. 1959 ఆగస్టు 17న 'కైండ్ ఆఫ్ బ్లూ' విడుదలైంది. సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత ఆయన న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్ బయట, కచేరీ విరామంలో నిలబడి ఉంటే, పోలీసు కదలమన్నాడు. నేనిక్కడే పనిచేస్తున్నా, బోర్డు మీద పేరు నాదే అన్నాడు డేవిస్. కదలనందుకు తల పగలగొట్టారు.

1997 నాటికి కథ మారింది. ఆ ఏడాది మాల్కమ్ గ్లాడ్‌వెల్ 'న్యూయార్కర్'లో 'ది కూల్‌హంట్' రాశాడు. కుర్రాళ్ళకి ఏది కూలో కనిపెట్టడానికి బూట్ల కంపెనీలు వీధుల్లోకి మనుషుల్ని పంపడం గురించి. అదే ఏడాది థామస్ ఫ్రాంక్ 'ది కాంక్వెస్ట్ ఆఫ్ కూల్'లో, 1960ల నాటికే ప్రకటనల కంపెనీలు తిరుగుబాటు ధోరణిని తమ సరుకుగా ఎలా చేసుకున్నాయో చెప్పాడు. కూల్‌గా ఉండటానికి ఓర్చుకోవాల్సిందేమీ లేదు, కొనుక్కుంటే చాలు. హర్‌స్టన్ కథలో నాణెం లాంటిదే ఇదీ.

మనదాకా వచ్చింది ఎక్కువగా ఈ కూలే. అదేమీ నేరం కాదు, మాటలు అలాగే ప్రయాణిస్తాయి. కానీ అన్యాయం జరిగి ఎవరైనా గొంతు పెంచితే 'కూల్ బ్రో, కూల్' అంటామే, అక్కడ మాత్రం ఆగి ఆలోచించాలనిపిస్తుంది. కోపం చూపించే వీలు లేని మనుషులు తమని కాపాడుకోవడానికి చేసుకున్న మాట అది. కోపగించుకునే హక్కున్నవాడి నోరు మూయించడానికి మనం దాన్నే వాడుతున్నాం.