మూడు బిందెల నీరు, ఒక బస్తా యూరియా

2025 వానకాలమున యూరియాకు కొరత ఏర్పడినప్పుడు తెలంగాణ రైతులు తెల్లవారకముందే బారులు తీరిరి. వరుసలో తమకు మారుగా చెప్పుల జతలను నిలిపినవారును కలరు. మహబూబాబాదు ప్రాంతమునను ఇదే దృశ్యము. ఆ బస్తాకును నీటికిని గల చుట్టరికమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

1800లో, వోల్టా నిర్మించిన బ్యాటరీ వార్త లండను చేరిన కొలది కాలమునకే, నికల్సన్, కార్లయిల్ అను ఇరువురు నీటిలోనికి విద్యుత్తును పంపి దానిని ఉదజని, ఆమ్లజని వాయువులుగా విడదీసిరి. ఉదజని నత్రజనితో కలియగా అమోనియా, అమోనియానుండి యూరియా. 45 కిలోల బస్తాకు కావలసిన ఉదజని నాలుగున్నర కిలోలు. అందుకు 40 లీటర్ల నీరు, అనగా మూడు బిందెలు, చాలును. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరిని పైకి తెచ్చుకొనవలసిన జనగామ మెట్టసీమ సైతము అంతపాటి నీటికి వెరువదు. వెరువవలసినది విద్యుత్తునకు. నేటి యంత్రములతోనైనను బస్తాకు 225 యూనిట్లకు తక్కువ కాదు. యూనిటు మూడు రూపాయలన్నను 675 రూపాయలు! రైతు బస్తాకు చెల్లించునది 270 రూపాయలకు లోపే.

ఈ చిక్కు కొత్తది కాదు. 1961లో పంజాబులోని నంగల్‌లో భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడదీసి ఎరువు చేయనారంభించిరి. అది యూరియా కాదు, కాల్షియం అమ్మోనియం నైట్రేటు. యూరియాకు బొగ్గుపులుసు వాయువు కూడ కావలెను. నీటిలో అది లభింపదు. పొలముల పంపులకును మిల్లులకును విద్యుత్తు గిరాకీ పెరిగిన పిమ్మట, 1978 నాటి విస్తరణలో నంగల్ ఇంధన తైలమును ఆశ్రయించెను.

భూపాలపల్లికి పొరుగు జిల్లాలోని రామగుండము నీటి దారి త్రొక్కనేలేదు. అచట 1980లో బొగ్గునుండి ఎరువు తీయ మొదలిడిన కర్మాగారము 1999లో మూతపడెను. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన కొత్తది సహజవాయువుతో నడచుచున్నది. దేశమునకు కావలసిన ఆ వాయువులో దాదాపు సగము దిగుమతియే.

భూపాలపల్లికి ఉదజని అపరిచితము కాదు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రమున పెద్ద జనరేటర్లను చల్లార్చునది ఆ వాయువే. యూరియాకు కావలసిన బొగ్గుపులుసు వాయువు ఆ కేంద్రపు పొగగొట్టమునుండి నిత్యము ఆకాశమున కలియుచున్నది. అయినను బొగ్గు కాల్చిన విద్యుత్తుతో నీటిని విడదీయుట వట్టి చుట్టుదారి. ఎండనుండియో గాలినుండియో పుట్టిన విద్యుత్తే అందుకు తగినది.

అట్టి ప్రయత్నమునకు విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. 20,000 మెగావాట్ల సౌర, పవన విద్యుత్తు వంటి వనరులతో దినమునకు 1,500 టన్నుల ఉదజని తీయవలెనని సంకల్పము. లెక్కకు అది మూడు లక్షల పైచిలుకు యూరియా బస్తాలకు సరిపోవును. కాని అచటి ఉత్పత్తులు ప్రధానముగా ఎగుమతికి ఉద్దేశింపబడినవి.