స్క్వేర్‌బ్యాక్ ట్రైలర్ కొంటున్నారా? రేపు అమ్మేటప్పుడు చిక్కుల్లో పడొద్దంటే ఇవి చూసుకోండి

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో నేషనల్ పార్కుల ట్రిప్పుల కోసం చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కొనాలనుకునేవారికి స్క్వేర్‌బ్యాక్ మంచి ఆప్షనే. కారు వెనక తగిలించుకుని వెళ్లే బుల్లి డబ్బా ఇది. లోపల ఇద్దరికి సరిపడా పరుపు, వెనక డోర్ పైకెత్తితే వంట చేసుకునే చోటు. అంతే. బాత్రూమ్ ఉండదు, చాలా మోడళ్లలో నిలబడటానికి ఎత్తు కూడా చాలదు.

1930ల నాటి టియర్‌డ్రాప్ ట్రైలర్లే వీటికి మూలం. నీటిబొట్టులా వెనక్కి వాలిపోయే ఆ డిజైన్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనలేం. కానీ ఆ వాలు దగ్గర చోటంతా వృథా. వెనక భాగాన్ని నిటారుగా చేస్తే ఆ చోటు కలిసొస్తుంది, డోర్ అమర్చడమూ తేలికే. 4 బై 8, 5 బై 8, 5 బై 10 అడుగుల సైజులు ఎక్కువగా కనిపిస్తాయి. 4 బై 8 అంటే సరిగ్గా ఒక ప్లైవుడ్ షీట్ కొలత. అందుకే ఇంటి గ్యారేజీలోనే సొంతంగా తయారు చేసుకునేవాళ్లూ ఉన్నారు.

కారు లాగగలదా?

చిన్న సైజు ట్రైలర్ ఖాళీగా సుమారు 1,000 పౌండ్లు, అంటే 450 కిలోలు ఉంటుంది. అమెరికాలో హోండా సీఆర్-వీ పెట్రోల్ వేరియంట్ లాగే పరిమితి 1,500 పౌండ్లు. ఇంకా 500 పౌండ్లు ఉన్నాయిలే అనుకుంటే పొరపాటే. బ్యాటరీ, కూలర్, స్టవ్, 20 గ్యాలన్ల నీళ్లు (ఇవే 166 పౌండ్లు) ఎక్కిస్తే లెక్క ఇట్టే దగ్గరపడుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు హిచ్ మీద పడేలా సామాన్లు సర్దాలి. బరువంతా వెనక్కి వేస్తే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగి, కారు కూడా అదుపు తప్పే ప్రమాదం ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో అసలు శత్రువు నీళ్లే

పైన రంగు మెరుస్తున్నా లోపల చెక్క కుళ్లి ఉండొచ్చు. రూఫ్ ఫ్యాన్ చుట్టూ, వెనక డోర్ హింజ్ కింద, నేల మూలల్లో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగినా, ముక్కవాసన వచ్చినా రేటు ఎంత తగ్గించినా వదిలేయడం మేలు. వీలైతే వర్షం పడిన మర్నాడే వెళ్లి చూడండి.

టైర్ల అరుగుదల చూసి మోసపోవద్దు. ట్రైలర్ ఎక్కువగా పార్కింగ్‌లోనే ఉంటుంది కాబట్టి టైర్ అరగకముందే పాతబడిపోతుంది. టైర్ పక్కన డీఓటీ కోడ్ చివర్లో 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటితే కొత్త టైర్ల ఖర్చును బేరంలో తగ్గించుకోవాలి. వీల్ బేరింగ్‌లకు గ్రీజు చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా అడగండి. ఏడాదికోసారి చేయించాల్సిన పని అది.

రేటు ఎంత చెప్పాలి?

కరోనా టైంలో ట్రైలర్లకు ఎగబడ్డారు. పరిశ్రమ లెక్కల ప్రకారం 2021లో అన్ని రకాల ఆర్‌వీలు కలిపి 6,00,240 యూనిట్లు డీలర్లకు వెళ్లాయి. 2023 నాటికి అది 3,13,174కి పడిపోయింది. అప్పటి రేటుకు కొన్నవాళ్లు అదే డబ్బు తిరిగొస్తుందని ఆశపడితే నెలల తరబడి ఫోన్ కాల్ కోసం చూడాల్సిందే. సోలార్ ప్యానెల్, టెంట్ లాంటి అదనపు హంగులకు పెట్టినంతా రాదు. వేసవికి ముందు అమ్మితే కాస్త మంచి రేటు, చలికాలం ముందు అమ్మితే బేరమే.

కాగితాలు లేకపోతే కష్టం

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. ఇల్లు, కార్లు, పిల్లల స్కూల్ చూసుకుంటూ ట్రైలర్ కూడా అమ్మాలి. ఆ హడావుడిలో టైటిల్ మీద లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకా ఉందని తెలిస్తే పని ఆగిపోతుంది. లోన్ తీరిన రోజే బ్యాంకు నుంచి లీన్ రిలీజ్ లెటర్ తీసుకోండి. సొంతంగా కట్టిన ట్రైలర్‌కు ఫ్యాక్టరీ విన్ నంబర్ ఉండదు, రాష్ట్ర అధికారుల దగ్గర నంబర్ వేయించుకోవాలి. అది లేని బండి కొనడానికి చాలామంది ముందుకు రారు. టైటిల్ రూల్స్ రాష్ట్రానికోలా ఉంటాయి. అమ్మకం తేలకముందే ఇండియాకు వచ్చేయాల్సి వస్తే, నమ్మకమైన వాళ్ల పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసి రావడం మంచిది.

క్యాషియర్స్ చెక్ చేతికొచ్చిందని వెంటనే తాళాలు ఇచ్చేయొద్దు. నకిలీ చెక్ అయినా ముందు ఖాతాలో డబ్బు కనిపిస్తుంది, రోజుల తర్వాత బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది. కొనేవాళ్ల బ్యాంకుకే వెళ్లి, కౌంటర్ దగ్గర చెక్ రాయించుకోవడం సేఫ్.

డీల్ పూర్తయ్యాక అమ్మినట్టు డీఎంవీకి చెప్పడం మర్చిపోకండి. కాలిఫోర్నియాలో 5 రోజుల్లో, టెక్సస్‌లో 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే కొత్త ఓనర్ చేసే టోల్ బాకీలు, పార్కింగ్ ఫైన్లు పాత ఓనర్ పేరు మీదే వస్తాయి.