తెలుగు సినిమా పాట పుట్టినరోజు



కవుల జయంతులు, వర్ధంతులు జరుపుకోవడం మనకు అలవాటే. పాటకు కూడా జన్మదినం ఉంటుందనీ, దానిని లెక్క తప్పకుండా చూసుకోవాలనీ నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ తెలుసుకోవడం వెనుక నా తప్పు ఒకటి ఉంది. ముందుగా అదే చెబుతాను.

నేను తెలుగు పండితునిగా పనిచేసిన రోజులలో ఏటా సెప్టెంబరు 15న బడి నల్లబల్లపై "1931లో ఈనాడు తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైంది" అని వ్రాసేవాణ్ణి. 1988 ప్రాంతంలో అదే రోజున పిల్లలకు ప్రశ్నల పోటీ పెట్టి, తొలి తెలుగు టాకీ ఏ సంవత్సరానిదని అడిగాను. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు లేచి "1932 అండీ, మా తాతయ్య చూశారట" అన్నాడు. పుస్తకంలో అలా లేదని చెప్పి కూర్చోబెట్టాను. రెండు మార్కులు పోయాయి. వాడు మారుమాట్లాడలేదు.

ఆ 1931 సెప్టెంబరు 15 తేదీని దశాబ్దాల తరబడి అందరమూ నమ్మాము. పత్రికలు వ్రాశాయి, వేదికలపై వక్తలు చెప్పారు. ఒకరు వ్రాసినదానిని చూసి మరొకరు వ్రాయగా వ్రాయగా అది శిలాక్షరమైపోయింది. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు ఆనాటి పత్రికలనూ ప్రభుత్వ పత్రాలనూ వెదికి అసలు సంగతి బయటపెట్టారు. భక్త ప్రహ్లాదకు బొంబాయిలో సెన్సారు ధ్రువపత్రం లభించినది 1932 జనవరి 22న. తొలి ప్రదర్శన అదే నగరంలోని కృష్ణా సినిమా థియేటరులో 1932 ఫిబ్రవరి 6న జరిగింది. ఆ ధ్రువపత్రం లేనిదే బొమ్మను ప్రదర్శించరాదు కదా! జనవరిలో అనుమతి పొందిన చిత్రం అంతకు నాలుగు నెలల ముందే విడుదలైందనడం తర్కానికి నిలవదు. ఇంత సులువైన లెక్కను మేమెవ్వరమూ వేసుకోలేదు.

ఈ సవరణ వలన మనకు ఒక గర్వభంగమూ కలిగింది. తొలి తమిళ టాకీగా లెక్కించే కాళిదాస్ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. సెప్టెంబరు తేదీని నమ్మినంతకాలం దక్షిణాదిన తొలి టాకీ మాదేనని చెప్పుకున్నాము. ఫిబ్రవరి తేదీతో ఆ మాట చెల్లలేదు. "పోనీ, పాత తేదీనే ఉంచుకుంటే నష్టమేమి?" అన్నారు ఒక మిత్రులు. తన పేరు పెద్దది కావడానికి అబద్ధపు సాక్ష్యం కావలసినంత పేదది కాదు తెలుగు.

పైగా కాళిదాస్ కథ వింటే మనసు కుదుటపడుతుంది. ఆ చిత్రానికీ భక్త ప్రహ్లాదకూ దర్శకులు ఒకరే, హెచ్.ఎం. రెడ్డి గారు. కాళిదాస్‌లో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడగా, నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగులో బదులు చెప్పాడు. అందులో ఆమె త్యాగరాజస్వామి కృతులు పాడింది. అంటే తెలుగు టాకీ పుట్టకమునుపే తెలుగు పాట వెండితెరపై వినిపించింది! ఏ భాషవారు ఆ చిత్రాన్ని తమదనుకున్నా, అందులో కొంత మనదీ ఉంది.

అయితే అది అప్పటికే లోకంలో ఉన్న పాట తెర మీదికి రావడం. తెలుగు సినిమా కోసం పుట్టిన పాట సంగతి వేరు. భక్త ప్రహ్లాదకు మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. గేయాలు కూర్చినవారు చందాల కేశవదాసు (1876-1956). నేటి ఖమ్మం జిల్లా జక్కేపల్లి వారి ఊరు. హరికథకులు, అవధాని, నాటకకర్త. శ్రీకృష్ణ తులాభారంలో నారదుడు కృష్ణుణ్ణి అమ్మజూపే బేరం పాట తెలియని తెలుగువారు అరుదు. ఆ పాట కేశవదాసుగారిదని తెలిసినవారు మాత్రం చాలా తక్కువ. తొలి తెలుగు సినీ గేయకవి ఆయనే అన్న మాట కూడా చాలాకాలం మరుగునే ఉండిపోయింది.

నేపథ్యగానం అప్పటికింకా రాలేదు. నటించినవారే పాడాలి. సురభి రంగస్థలం నుండి వచ్చిన కమలాబాయి లీలావతిగా, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపునిగా నటిస్తూనే పాడారు. నాటకంలో గొంతు తడబడితే మరునాటి ప్రదర్శనలో దిద్దుకోవచ్చు. ఇక్కడ యంత్రం పట్టినదే శాశ్వతం. ఆ శాశ్వతమూ ఎంతకాలమో చూడండి! భక్త ప్రహ్లాద ప్రతి ఈనాడు దొరకదు. ఆ కంఠాలు ఆ తెర మీద ఎలా పలికాయో మనం వినే భాగ్యం లేదు.

అందుకే తేదీ గురించి ఇంత పట్టుదల. బొమ్మ పోయింది. వెండితెర మీద పలికిన ఆ గానం పోయింది. మిగిలినవి ఒక రోజు, కొన్ని పేర్లు. ఆ కొద్దిపాటి ఆస్తినైనా తప్పుల్లేకుండా తరువాతివారికి అప్పగించవద్దా? ఇకమీదట ఫిబ్రవరి 6 వచ్చినప్పుడు కథానాయకుల పేర్లతోపాటు చందాల కేశవదాసుగారి పేరు కూడా ఒక్కసారి తలచుకోండి. అక్టోబరు 31న త్యాగరాజస్వామిని తలచుకున్నా దోషం లేదు.

ఆనాటి ఎనిమిదో తరగతి కుర్రవాడికి ఇప్పుడు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో తెలియదు. నాయనా, మీ తాతగారు చెప్పినదే నిజం, పుస్తకమూ నేనూ తప్పు. నీ రెండు మార్కులు నా దగ్గర బాకీ ఉన్నాయి.