పెద్దయ్యగారి పెళ్లి నుంచి 'షల్ వుయ్ డాన్స్' దాకా

మొన్న సెలవులకి సామర్లకోట వెళ్లినప్పుడు నాన్నగారూ నేనూ లాప్‌టాప్ ముందేసుకుని ఒక జపాన్ సినిమా చూశాం. మసయుకి సువో 1996లో తీసిన 'షల్ వుయ్ డాన్స్'. (2004లో రిచర్డ్ గేర్‌తో హాలీవుడ్ వాళ్లు తీసింది దీనికే రీమేకు. నా మాట విని అసలుదే చూడండి.) నడివయసు అకౌంటెంటు, భార్య, కూతురు, సొంతిల్లు, దాని మీద లోను... మనకి కొత్తేం కాదు. రోజూ రైల్లోంచి డాన్సు స్కూలు కిటికీలో ఒకమ్మాయిని చూస్తూ, ఓ రోజు ఆ స్టేషన్లో దిగిపోతాడు. ఇంట్లో చెప్పకుండా డాన్సు నేర్చుకుంటుంటే, ఆవిడ అనుమానమొచ్చి డిటెక్టివ్‌ని పెడుతుంది. ఇక్కడ నాన్నగారు పగలబడి నవ్వారు.

నాకు మాత్రం మన గోదావరి జిల్లాల పెద్దాయనలు గుర్తొచ్చారు. ఈ వయసులో వచ్చే గుబులు మనవాళ్లకీ ఉండేది. కాకపోతే డాన్సు స్కూలు లేదు, ఉన్న దారల్లా ఇంకో పెళ్లి. దాని మీదే కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో 'వివేకవర్ధిని' నడుపుతున్న రోజుల్లో, 1870ల్లో, 'బ్రహ్మవివాహము' అనే ప్రహసనం రాశారు. జనం దాన్ని 'పెద్దయ్యగారి పెళ్లి' అనేవారు. ఊరికే రాసి ఊరుకోలేదాయన. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. డబ్బు సాయం చేసింది మన పక్కనున్న కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు.

తర్వాత 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడారు. లుబ్ధావధాన్లు ఆడపిల్లనుకుని కట్టుకునేది కరటకశాస్త్రి శిష్యుణ్ని. మగపిల్లాడు కాబట్టే మనం నిశ్చింతగా నవ్వగలిగాం! అదే నిజం పిల్లయితే? దానికి జవాబు గురజాడ గారే 1897 ముద్రణకి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఇచ్చారు. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారుచేయిస్తే, దొరికినవి 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ జాబితా కూడా పూర్తిది కాదని ఆయనే అన్నారు. నేనెన్నిసార్లు చదివినా ఆ ఆఖరి అంకె దగ్గర ఆగిపోతాను.

శారదా చట్టం 1929లో వచ్చి, మరుసటేడు ఏప్రిల్ నుంచి అమలైంది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 అన్నారు. ముసలి పెళ్లికొడుక్కి పైహద్దు మాత్రం ఏమీ పెట్టలేదు. భార్య ఉండగా రెండోపెళ్లి కుదరదని 1949లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1955లో దేశమంతటికీ హిందువులకి చట్టమొచ్చింది. అప్పటికి గానీ పెద్దయ్యలు పూర్తిగా ఇరుకున పడలేదు.

ఇదంతా చెబుతుంటే నాన్నగారు సినిమా ఆపేశారు. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో మా తాతగారి మేనత్త ఉండేవారట. తొమ్మిదో ఏట పెళ్లి, వరుడికి యాభై. పన్నెండో ఏటికే అంతా అయిపోయింది.

"పీటల మీదే నిద్రపోయిందిరా, పెళ్లికొడుకే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడని మా నాన్న ఊరందర్నీ నవ్విస్తూ చెప్పేవాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని వింటూ ఉండేది" అన్నారు.

"ఆవిడా నవ్వేవారా?" అన్నాను.

"ఎప్పుడూ అటు చూళ్లేదురా" అన్నారు నాన్నగారు.

మిగతా సినిమా మర్నాడు చూశాం.