చెన్నపట్నపు ట్రాంబండి

విశాఖలో గాని, బెజవాడలో గాని, హైదరాబాదులో గాని ట్రాము నడవలేదు. కాబట్టి ట్రాములో తిరిగిన తెలుగువాడంటే చాలావరకు మనలాంటి బయటి తెలుగువాడే. కాకపోతే చదువుకో, కోర్టు పనికో పట్నం వచ్చి వెళ్ళినవాడు. మా నాన్నగారు దాన్ని ఎన్నడూ ట్రాము అనలేదు, ట్రాంబండి అనేవారు. ప్యారీస్ కార్నర్‌లో ఎక్కి మౌంటురోడ్డులో దిగేవారట. బస్సు మాట వచ్చినప్పుడు ఆయన గొంతులో ఆ ఆప్యాయత వినబడేది కాదు.

1895 మే 7న మదరాసులో కరెంటు ట్రాము మొదలయింది. భారతదేశంలో అదే మొదటిది. కలకత్తాలో 1873 లోనే గుర్రాలు ట్రాము లాగినా, అక్కడ కరెంటు బండి తిరిగింది 1902లో. బొంబాయిలో 1907. లండనుకే అది 1901లో గాని రాలేదు. ఇక్కడ మొదట్లో తీగ పైన లేదు. పట్టాల నడుమ నేలలో కాలువలాగా చేసి, కరెంటును అందులోంచి తెచ్చారు. కార్తీకమాసంలో ఈ ఊళ్ళో ఒక్క వారం ఉన్నవాడెవడూ ఆ పని చేయడు! వానలకు ఆ కాలువల్లో నీళ్ళు నిండాయి. చివరకు తీగను స్తంభాల మీదికి ఎక్కించక తప్పలేదు.

1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు తిరిగేవి. రేవు నుంచి ఊళ్ళోకి సరుకులు కూడా మోసేవి. అంతకు మించి ట్రాము ఎదగలేదు. ఊరు మాత్రం ఆగలేదు. 1921లో సుమారు అయిదు లక్షల పైచిలుకున్న జనాభా 1951కి పద్నాలుగు లక్షలయింది. పెరిగిన పేటలకు పట్టాలు వేసినవారు లేరు. 1950 ప్రాంతంలో కంపెనీ దివాలా తీసింది. 1953 ఏప్రిల్ 12న బండ్లు ఆగిపోయాయి.

ట్రాము పాతబడింది, బస్సు కొత్తది, అందుకే పోయిందని సాధారణంగా చెబుతారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. బస్సు సర్కారు వేసిన రోడ్డు మీద నడుస్తుంది. ట్రాము కంపెనీ తన దారిని తానే వేసుకోవాలి, తానే బాగుచేసుకోవాలి. ఇంగ్లండులో 1870 నాటి ట్రాము చట్టమయితే పట్టాల నడుమ రోడ్డును కూడా కంపెనీయే మరమ్మతు చేయించాలంది. అంటే తనను మింగబోయే బస్సుకు తానే బాట వేయాలన్నమాట. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మదరాసు ప్రభుత్వం సిటీ బస్సులను తన చేతిలోకి తీసుకుంది. ట్రామును మాత్రం కంపెనీకే వదిలేసింది. కంపెనీ లెక్కల్లో నష్టం కనిపించింది. కాలేజీకీ కచ్చేరీకీ చవగ్గా వెళ్ళివచ్చే జనం లాభం ఏ ఖాతాలోనూ పడలేదు.

ఆ ఏడాది మనవాళ్ళ మనసు వేరేచోట ఉంది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారు ఈ ఊళ్ళోనే ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదరాసు ఎవరిదన్న తగవు నడుస్తున్న నెలల్లోనే మదరాసు వీధుల్లోంచి ట్రాము వెళ్ళిపోయింది. అదే ఏడాది జూలైలో కలకత్తాలో సెకండు క్లాసు టిక్కెట్టు మీద ఒక్క కానీ, అంటే అణాలో నాలుగో వంతు, పెంచితే ఊరంతా వీధికెక్కింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

ట్రాముకు లోపాలు లేవని కాదు. రోడ్డు మధ్యలో ఆగేది. దిగినవాళ్ళు కార్ల నడుమ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పక్కకు రావాలి. ముందు ఒక ఎద్దుబండి అడ్డం పడితే వెనకవన్నీ వరసగా నిలిచిపోవలసిందే. అయితే ఆ తప్పు బండిదా, దానికంటూ దారి విడిచిపెట్టని ఊరిదా? ఫ్రాన్సులో నాంత్ నగరం 1958లో ట్రామును తీసేసి 1985లో మళ్ళీ తెచ్చుకుంది. స్ట్రాస్‌బర్గ్ 1960లో తీసేసి 1994లో తెచ్చింది. ఈసారి ట్రాముకు వేరే బాట ఇచ్చి, నడి ఊళ్ళో కార్లను తగ్గించారు. మెల్బోర్న్ అసలు వదులుకోనేలేదు.

ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఒరిపిడి తక్కువ, కాబట్టి అంతే బరువును తక్కువ శక్తితో లాగుతుంది. పొగ లేదు. ఒకదానికొకటి తగిలించుకుంటే ఒక్క డ్రైవరుతో మూడు బస్సుల జనం వెళతారు. మాకు 2015 నుంచి మెట్రో ఉంది. దూరాలకు అది మంచిదే, కాదనను. కాని నాలుగు వీధుల అవతలికి వెళ్ళడానికి నాలాంటి మోకాళ్ళవాడు అన్ని మెట్లు ఎక్కి దిగాలా? ట్రాము మనం నడిచే నేల మీదికే వస్తుంది.

బొంబాయిలో 1964 మార్చి 31తో ట్రాము ముగిసింది. కలకత్తాలో కూడా మైదాను – ఎస్ప్లనేడు దారి ఒక్కటి ఉంచి మిగతావి ఆపేస్తామని 2024 సెప్టెంబరులో అక్కడి రవాణా మంత్రి ప్రకటించారు.

బొంబాయి, మదరాసు ట్రాములు ఎక్కిన పెద్దలు మీ ఇళ్ళల్లో ఇంకా ఉండవచ్చు. ఎక్కడ ఎక్కేవారు, ఎంత ఇచ్చేవారు, కండక్టరుతో ఏ భాషలో మాట్లాడేవారు – అడిగి రాసి పత్రికకు పంపండి. మా నాన్నగారిని నేను ఆ చివరి ప్రశ్న అడగలేదు.