ఆదిలాబాద్ గోండు తిరుగుబాట్లు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో భూమి కోసం, అడవి మీద హక్కు కోసం గోండులు ముందుండి నడిపిన పోరాటాలివి. నిర్మల్ (1860), జోడేఘాట్ (1940), ఇంద్రవెల్లి (1981) ముఖ్య ఘట్టాలు. నిర్మల్ ఘాట్ రోడ్డెక్కి ఆదిలాబాద్ వైపు వస్తుంటే దారికి పడమట బోథ్ ఉంటుంది. పొచ్చెర జలపాతం పేరుతో బయటివాళ్లకు తెలిసిన ఈ మండలం చుట్టుపక్కల గూడేల్లో ఈ పోరాటాల కథలు పెద్దల నోట నేటికీ వినవస్తాయి.

మొదటి ఘట్టానికి నాయకుడు రాంజీ గోండు. 1857 తిరుగుబాటు ఉత్తరాదిన అణగిపోతున్న రోజుల్లో ఆయన గోండులను, రోహిల్లాలను ఒక్కటి చేసి నిర్మల్ ప్రాంతంలో ఆంగ్లేయుల, నిజాం సేనలను ఎదిరించాడు. 1860లో పట్టుబడ్డాడు. ఆయననూ అనుచరులనూ ఒకే మర్రిచెట్టుకు ఉరి తీశారని జనం చెప్పుకుంటారు. దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరొచ్చింది. గాలివానకు చెట్టు కూలిపోయినా పేరు పోలేదు.

జోడేఘాట్ పోరాటానికి మూలం భూమి. అడవిని రిజర్వు చేసి, పోడు కొట్టుకున్న చేలల్లోంచి గోండులను, కోలాములను జంగ్లాత్ (అటవీ శాఖ) సిబ్బంది వెళ్లగొట్టారు. పశువుల మేతకు పన్ను కట్టమన్నారు. పట్టాలేమో బయటినుంచి వచ్చినవాళ్ల పేర్లకెక్కాయి. చేను విషయంలో జరిగిన గొడవలో సిద్దిఖ్ అనే వ్యక్తి చనిపోవడంతో గోండు యువకుడు కుమ్రం భీం ఊరు విడిచి, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడు. తిరిగొచ్చి బాబేఝరీ, జోడేఘాట్ సహా 12 గూడేలను కూడగట్టాడు. ఆయన మొదట అడిగింది ఆ ఊళ్ల మీద హక్కు, ఆయుధం పట్టింది తర్వాత. నిజాంను కలవడానికి హైదరాబాద్ దాకా వెళ్లినా దర్శనం దొరకలేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పులకు నేలకొరిగాడు. సహచరుడు కుమ్రం సూరు ప్రాణాలతో మిగిలాడు.

భీం మరణించిన తేదీని పుస్తకాలు సెప్టెంబరు అనీ అక్టోబరు అనీ రకరకాలుగా రాస్తాయి. గోండులకు ఆ తికమక లేదు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. కాగితం మీది తేదీ కన్నా ఈ తిథికే ఎక్కువ బలముంది.

తిరుగుబాటుకు కారణాలు కనుక్కోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్య కాపురముండి నివేదికలిచ్చాడు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. భీం కోరిన వాటిలో కొన్ని ఆయన పోయాకే ఈ దారిన కదిలాయి. అయినా భూమి తగాదా తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చినవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు చాలా ఎక్కువ. అమరుల గుర్తుగా కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేస్తే మళ్లీ కట్టుకున్నారు.

ఐర్లండ్ రైతులదీ ఇలాంటి భూమి గోసే. 1880లో మేయో జిల్లాలో కౌలుదార్లను వెళ్లగొట్టబోయిన భూస్వామి ఏజెంటు బాయ్‌కాట్‌కు ఊరంతా పని మానేసింది, అంగళ్లు సరుకు అమ్మలేదు. మన పత్రికలు రోజూ రాసే బాయ్‌కాట్ అన్న మాట ఆయన ఇంటిపేరే. ఇక్కడ భీం పోరాడుతున్న కాలంలోనే, 1937–39 మధ్య, ఆ దేశం బడిపిల్లల చేత తాతల, అవ్వల నోటి కథలు రాయించి భద్రపరిచింది. తిరుగుబాటు జ్ఞాపకాలూ అందులో చేరాయి.

ఆదిలాబాద్‌లో అలాంటి పని పెద్దయెత్తున జరగలేదు. గోండుల వంశగాథలను కిక్రి వాద్యం వాయిస్తూ పాడే ప్రధాన్ పెద్దలు తగ్గిపోతున్నారు. బోథ్, ఉట్నూరు, కెరమెరి బడుల్లోని పంతుళ్లు పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి, ఇంట్లో పెద్దలు చెప్పింది చెప్పినట్టు, గోండిలోనే, ఈ ఏడే రాయించాలి.