ఉద్యోగ వివక్షపై కార్మికుల సామూహిక ఫిర్యాదులు – దాఖలు గడువులు

రామకృష్ణాపూర్: ఉద్యోగంలో వివక్షకు గురైన కార్మికులు ఫిర్యాదు దాఖలు చేయవలసిన గడువులు, 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చిన దరిమిలా మారినవి. సింగరేణి ప్రాంత పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ముఖ్యాంశాలను ఇందు పొందుపరచడమైనది.

ఒకరు వేసిన కేసు అందరికీ వర్తిస్తుందన్న భావన సరికాదు. అమెరికాలో ఒక వర్గం తరఫున దావా దాఖలైతే, ఆ వర్గంలోని మిగతావారి వ్యక్తిగత గడువు కూడా నిలిచిపోతుందని అక్కడి సుప్రీంకోర్టు 1974లో తీర్పు చెప్పినది. మన కార్మిక చట్టాలలో అట్టి సాధారణ నియమం లేదు. పైగా, సహోద్యోగులు గెలిచేవరకు మిన్నకుండి, పిమ్మట అదే ప్రయోజనం కోరేవారు దానికి అర్హులు కాకపోవచ్చునని మన సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసినది. తీర్పు అందరికీ వర్తించేటట్లు వెలువడిన సందర్భాలు మాత్రమే దీనికి మినహాయింపు.

సామూహికంగా కోరదలచినవారికి వేతనాల కోడ్ అనువైన మార్గం. 1976 నాటి సమాన వేతన చట్టం ఇందులో విలీనమైనది. ఒకే విధమైన పనికి స్త్రీ పురుష భేదంతో తక్కువ వేతనం ఇచ్చినచో, ఒక సంస్థలోని ఎంతమంది తరఫుననైనా ఒకే దరఖాస్తు దాఖలు చేయవచ్చును. వారు సభ్యులుగా ఉన్న కార్మిక సంఘం కూడా దాఖలు చేయవచ్చును. గడువు 3 సంవత్సరాలు. తగిన కారణం చూపినచో జాప్యాన్ని మన్నించవచ్చును. రావలసిన మొత్తానికి అదనంగా, దానికి 10 రెట్ల వరకు పరిహారం విధించే అధికారం కూడా ఉన్నది. పాత కరపత్రాలలో కనిపించే 6 నెలలు, 12 నెలల గడువులు రద్దయిన కనీస వేతనాల, వేతన చెల్లింపు చట్టాలకు సంబంధించినవి.

తప్పుడు వేతన నిర్ణయం ప్రతి నెలా పునరావృతమయ్యే అన్యాయమని సుప్రీంకోర్టు 1995లో పేర్కొన్నది. అయితే బకాయిలు సాధారణంగా కేసు వేయుటకు ముందు 3 సంవత్సరాలకే పరిమితమని 2008లో చెప్పినది. కావున పాత జీతపు చీటీలను భద్రపరచుకొనుట అవసరం.

వివక్షతో ఉద్యోగం నుండి తొలగించబడినవారి విషయంలో గడువు తగ్గినది. 2010 సవరణ ప్రకారం 3 సంవత్సరాలు ఉండగా, పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం వివాదం తలెత్తిన 2 సంవత్సరాల తర్వాత రాజీ అధికారి విచారణ చేపట్టరాదు. రాజీ కుదరనిచో నివేదిక అందిన 90 రోజులలో ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవలెను. యాజమాన్యానికి పదేపదే ఇచ్చుకునే వినతిపత్రాలు ఈ గడువును పొడిగించవు.

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా ఉన్నప్పటికీ, గనుల విషయంలో సంబంధిత ప్రభుత్వం కేంద్రమే. అర్జీలను కేంద్ర కార్మిక శాఖ అధికారులకే సమర్పించవలెను. రాష్ట్ర కార్యాలయాల చుట్టూ తిరిగి గడువు కోల్పోకుండా స్థానిక అధికారులు మొదటి రోజే ఈ విషయం తెలియజేయుట మంచిది.

అన్నింటికంటె తక్కువ గడువు లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఉన్నది. 2013 చట్టం ప్రకారం సంఘటన జరిగిన 3 నెలలలో, వరుస సంఘటనలైనచో చివరిదాని నుండి 3 నెలలలో ఫిర్యాదు చేయవలెను. కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేసి కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చును. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ బాధ్యతలకు 2019 నుండి మహిళలను అనుమతించినందున గని ప్రాంతాలలో దీనిపై ప్రచారం అవసరం.

మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు న్యాయసేవల అధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చును.